వేలిముద్ర మీది... సిమ్ ఎవరిది?

తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయవద్దని పల్లెల్లో పెద్దలు చెబుతూ వచ్చారు. ప్రామిసరీ నోటు మీద ముద్ర వేసే ముందు రైతు పదిసార్లు ఆలోచిస్తాడు. అదే రైతు, సంతలో గొడుగు కింద సిమ్ కార్డులు అమ్మే కుర్రాడు చిన్న యంత్రం చూపగానే మారు మాట్లాడకుండా వేలు పెట్టేస్తున్నాడు.

‘పడలేదు, మళ్లీ పెట్టండి’

వేలిముద్ర సరిపోగానే ఆధార్‌లోని పేరు, చిరునామా, ఫొటో ఫోను కంపెనీకి చేరతాయి. సిమ్ ఆ పేరున నమోదవుతుంది. మోసగాళ్లకు ఇక్కడే సందు దొరుకుతోంది. ముద్ర సరిగా పడలేదని రెండోసారి వేలు పెట్టించి, అదే పేరున మరో సిమ్ తీసి బయట అమ్ముకుంటున్నారు. ఆ సిమ్‌తో ఎవరైనా బ్యాంకు అధికారినంటూ ఫోను చేసి సొమ్ము కాజేస్తే, పోలీసులు ముందు తట్టేది సిమ్ ఎవరి పేరున ఉందో వారి తలుపునే.

వేలు పెట్టకున్నా ముప్పే

2018లో ధర్మపురికి చెందిన సిమ్ కార్డుల వ్యాపారి ఒకరిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూముల దస్తావేజుల నుంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ ముద్రలు తయారు చేశాడని, వాటితో వేలాది సిమ్‌లు తీశాడని అభియోగం. అమ్మకాల లక్ష్యం అందుకోవడానికే ఇదంతా చేశాడని పోలీసులు తెలిపారు. పొలం రిజిస్ట్రేషన్‌కు వేసిన ముద్ర సిమ్‌కు పనికొస్తుందని ఏ రైతు ఊహించగలడు?

చట్టం ఏమంటోంది?

ప్రతి ఫోను నంబరునూ ఆధార్‌తో సరిచూడాలని 2017 మార్చి 23న కేంద్ర టెలికాం శాఖ ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టు 24న, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2018 సెప్టెంబర్ 26న టెలికాం శాఖ ఉత్తర్వునూ కోర్టు కొట్టివేసింది. సిమ్‌కు ఆధార్ ఇవ్వడం వినియోగదారుని ఇష్టమని, ఆధార్ లేదని సేవ నిరాకరించరాదని 2019లో చట్టాన్ని సవరించారు.

దొంగ సిమ్‌లు అరికట్టాలంటే గుర్తింపు చూడక తప్పదు. ఆ గుర్తింపు పరుల చేతిలో పడకుండా చూసుకోవడమూ అంతే అవసరం.

ఇలా చూసుకోవచ్చు

తమ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో ప్రభుత్వ ‘సంచార్ సాథీ’ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఈ సదుపాయం 2021లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనే ప్రారంభమైంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు నిమిషాల్లో చూసి చెప్పగలరు. తమది కాని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. అవసరం లేనప్పుడు వేలిముద్ర పనిచేయకుండా ఆధార్ వెబ్‌సైట్‌లో తాళం వేసుకునే వీలుంది. ఆధార్ జిరాక్సు ఇవ్వవలసి వస్తే, ఎందుకు ఇస్తున్నదీ తేదీతో దాని మీదే రాయడం మేలు. ఫోను మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

దుకాణంలో రెండోసారి వేలు పెట్టమంటే మాత్రం, ఎందుకని నిలదీసి అడగాలి.