క్యూ జ్వరం – అడవి నుండి మేకల దొడ్డి దాకా

ఇంగ్లీషులో 'బాండికూట్' అనే మాట మన తెలుగు 'పందికొక్కు' నుండి వెళ్ళినదే. ఆస్ట్రేలియాకు వెళ్ళిన తెల్లవాళ్ళు అక్కడ పొడుగు ముక్కుతో నేల తవ్వుకునే ఒక చిన్న జంతువును చూసి దానికి కూడా ఈ పేరే పెట్టేశారు. నిజానికి దానికీ మన పందికొక్కుకూ చుట్టరికం లేదు. అది కంగారూలాగా పిల్లను సంచిలో పెట్టుకుని పెంచే జాతి. ఈ పేరెందుకు ఎత్తామంటే, మనం చెప్పుకోబోయే క్యూ జ్వరం కథలో ఆ జంతువుకు పెద్ద పాత్ర ఉంది.

1935లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో కబేళాలో పనిచేసే కూలీలకు ఒక వింత జ్వరం వచ్చేది. తీవ్రమైన తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, రోజుల తరబడి తగ్గని జ్వరం. టైఫాయిడ్ పరీక్ష చేస్తే కాదని తేలేది. దీని సంగతి తేల్చే పని డాక్టర్ ఎడ్వర్డ్ డెర్రిక్ మీద పడింది. ఆయన రోగుల రక్తాన్ని గినీ పందులకు ఎక్కించారు. వాటికీ జ్వరం వచ్చింది, కానీ క్రిమి ఏదో కనబడలేదు. పేరు లేని జ్వరం కనుక ఆయన దానిని 'క్వెరీ' జ్వరం అన్నారు. క్వెరీ అంటే ప్రశ్న. అందులోని మొదటి అక్షరమే 'క్యూ'. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం పేరు మీద వచ్చిందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. 'కబేళా జ్వరం' అనే పేరు కూడా అప్పట్లో అనుకున్నారు గాని పెట్టలేదు. మంచిదే అయింది. రోగానికి ఒక వృత్తి పేరు అంటుకుంటే ఆ వృత్తి చేసేవాళ్ళను ఊరు ఎలా చూస్తుందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

1937లో మెల్‌బోర్న్‌లో మాక్‌ఫార్లేన్ బర్నెట్, మావిస్ ఫ్రీమన్ కలిసి ఆ క్రిమిని పట్టుకున్నారు. అదే కాలంలో అమెరికాలోని మోంటానాలో హెరాల్డ్ కాక్స్, గోర్డన్ డేవిస్ అనే శాస్త్రవేత్తలు అడవిలో ఏరిన పిడుదులలో ఒక సూక్ష్మజీవిని చూశారు. మన వైపు కొందరు గోమార్లు అంటారే, అవే ఈ పిడుదులు. తరువాత చూస్తే రెండూ ఒకటే! అందుకే ఆ బాక్టీరియాకు కాక్స్, బర్నెట్ ఇద్దరి పేర్లూ కలిపి 'కాక్సియెల్లా బర్నెటీ' అని పెట్టారు.

అయితే కబేళాకు వచ్చే పశువులకు ఇది ఎక్కడి నుండి వస్తోంది? డెర్రిక్ చూపు అడవి వైపు మళ్ళింది. బ్రిస్బేన్ దగ్గరి మోర్టన్ దీవిలో బాండికూట్‌లను పట్టి పరీక్షిస్తే వాటిలో ఈ క్రిమి దొరికింది. వాటిని పట్టుకుని ఉండే పిడుదులు ఒక జంతువు నుండి ఇంకో జంతువుకు దానిని మోస్తున్నాయి. బాండికూట్ మాత్రం పెద్దగా జబ్బు పడదు.

ఇటువంటి జంతువునే వైద్య శాస్త్రంలో 'రిజర్వాయర్' అంటారు. పంట కాలువ ఎండిపోయినా పైన చెరువులో నీళ్ళుంటే తూము ఎత్తగానే మళ్ళీ పారుతుంది కదా, అలాగన్నమాట. ఊళ్ళో జ్వరం పోయినా అడవి జంతువులో క్రిమి బతికే ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఒక జంతువు రక్తంలో ఈ క్రిమికి ఎదురు నిలిచే యాంటీబాడీలు కనబడితే, ఆ జంతువుకు ఎప్పుడో అది సోకిందని మాత్రమే అర్థం. ఆస్ట్రేలియాలో చాలా కంగారూలలో అవి కనబడ్డాయి. అంతమాత్రాన కంగారూయే చెరువు అని తేల్చలేం. పక్క కాలువ కూడా అయి ఉండవచ్చు.

దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా సంగతి మరీ విచిత్రం. అక్కడి కయెన్ నగరంలో న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరేవారిలో దాదాపు నాలుగో వంతు మందికి కారణం క్యూ జ్వరమేనని తేలింది. మేకలు, గొర్రెల మీద అనుమానపడితే ఆధారం దొరకలేదు. చివరికి చెట్ల కొమ్మలకు వేలాడుతూ మెల్లగా కదిలే స్లాత్ అనే జంతువులో, దాని పేడలో, దాని ఒంటి మీది పిడుదులలో క్రిమి కనబడింది. అడవిని ఆనుకుని ఉన్న కొండల మీద ఇళ్ళు కట్టుకున్నవారికి ఈ జబ్బు ఎక్కువ. జంతువు ఊళ్ళోకి వచ్చిందా, ఊరే అడవిలోకి వెళ్ళిందా?

అలాగని అడవి జంతువులను చంపితే జ్వరం పోతుందనుకుంటే తప్పు. 2007 నుండి 2010 వరకు నెదర్లాండ్స్‌లో 4,000 మందికి పైగా ఈ జ్వరం వచ్చింది. అక్కడ కారణం అడవి కాదు, పాడి మేకల పెద్ద పెద్ద ఫారాలు. 50,000కు పైగా మేకలను చంపాల్సి వచ్చింది. అడవిలో పుట్టిన క్రిమికైనా మేకలు, గొర్రెలు, పశువుల మందలో చోటు దొరికితే ఇక అడవితో పని లేదు.

మనకు ముఖ్యమైనది ఇక్కడే ఉంది. ఈ క్రిమి మనిషికి పిడుదు కుట్టి రావడం అరుదు. మేక ఈనినప్పుడు, ఈసుకుపోయినప్పుడు మాయలో, ఉమ్మనీటిలో కోట్ల కొద్దీ ఉంటుంది. అది ఎండి దుమ్ములో కలిసినా నెలల తరబడి చావదు. గాలికి లేచి ముక్కులోకి పోతే చాలు, పదికి మించని క్రిములతో కూడా జబ్బు రావచ్చు. మనలో చాలామందిమి సెలవులకు ఇంటికి వెళితే మేకల వెంట తిరిగినవాళ్ళమే. మేక ఈనలేక అరుస్తుంటే మా నాన్న ఉత్త చేతులతోనే పిల్లను బయటకు తీసేవాడు, ఆ చేతిని పంచెకు తుడుచుకునేవాడు. ఒక ఏడాది ఆయనకు మూడు వారాలు జ్వరం తగ్గలేదు. టైఫాయిడ్ అని మందులిచ్చారు. అది క్యూ జ్వరమేనని మేము అనడం లేదు. మేకల సంగతి ఆయనను ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. 2022లో హైదరాబాదులో మాంసం కోసే వృత్తిలోని కొందరికి ఈ జబ్బు సోకినట్టు పత్రికల్లో వచ్చినప్పుడు మాకు ఆ రోజులే గుర్తుకొచ్చాయి.

కనుక సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో ఈ మాటలు చెప్పండి. ఈనిన మేకను ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. మాయను కుక్కలకు వేయకుండా లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. గర్భిణులు, గుండె కవాటాల జబ్బు ఉన్నవారు ఆ దరిదాపులకు పోకూడదు. గుండెకు పట్టిన క్యూ జ్వరం ప్రాణాంతకం, దానికి కనీసం ఏడాదిన్నర మందులు వాడాలి. పాలు పొంగించి తాగే అలవాటు మనకు ఎలాగూ ఉంది.

క్రిమి సోకినవారిలో సగం మందికి ఏ బాధా తెలియదు. మిగిలినవారికి సాధారణంగా రెండు మూడు వారాలకు జ్వరం మొదలవుతుంది. డాక్సీసైక్లిన్ అనే మాత్రలతో చాలామందికి తగ్గిపోతుంది, అవి ఖరీదైనవి కూడా కాదు. డాక్టరు దగ్గర జ్వరం ఎన్ని రోజుల నుండి అన్నది మాత్రమే చెప్పి ఊరుకోకుండా, "ఇరవై రోజుల కిందట మా మేక ఈనిందండీ, నేనే తీశాను" అని కూడా చెప్పమనండి.