మాట కలిస్తే మనసు తేలిక

వయసు మీద పడితే మోకాళ్లు నొప్పి పెడతాయి. చూపు తగ్గుతుంది. దవాఖానకు పోతే డాక్టరు గోలీలు ఇస్తాడు. అద్దాలు రాస్తాడు. కానీ ముచ్చట పెట్టే మనిషి లేకపోతే ఏ గోలీ వేసుకోవాలి?

2016లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కొత్త జిల్లాలు అయ్యాయి. జిల్లా ఆఫీసులు మనకు దగ్గరికి వచ్చాయి. పిల్లలు మాత్రం దూరం పోతున్నారు. జనగామలో, మహబూబాబాద్‌లో రైలెక్కి బతుకుదెరువుకు హైదరాబాద్ పోతున్నారు. కొందరు దుబాయ్ పోతున్నారు. భూపాలపల్లిలో బొగ్గు బాయిలు ఉన్నాయి. అయినా అందరికీ అక్కడ పని దొరకదు. చాలా ఇళ్లల్లో అవ్వ ఒక్కతే మిగులుతుంది.

ఇది ఒక్క మన ఊరి కష్టమేనా?

కాదు. ప్రపంచంలో ప్రతి 6 మందిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఈ మాట చెప్పింది. ఒంటరితనం వల్ల గుండె జబ్బు, పక్షవాతం, షుగరు వచ్చే ప్రమాదం పెరుగుతుందని కూడా చెప్పింది.

ఇంటి నిండా మనుషులున్నా ఒంటరితనం ఉండవచ్చు. కొడుకు పనికి పోతాడు. కోడలు కూలికి పోతుంది. మనుమలు బడికి పోతారు. అవ్వ గోడను చూస్తూ కూర్చుంటుంది. "నాకు గుబులుగా ఉంది బిడ్డా" అని చెప్పడానికి సిగ్గు పడుతుంది. కడుపులో నొప్పి లేస్తే చెప్పుకుంటాం కదా! మనసులో నొప్పి కూడా అట్లాంటిదే. చెప్పుకోవాలి.

సంఘం మనకు కొత్తదా?

పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. 1940ల కాలంలో అక్కడ చాకలి ఐలమ్మ కౌలుకు భూమి చేసింది. పంట చేతికొచ్చింది. ఆ పంటను ఎత్తుకుపోవాలని విసునూరు దొర మనుషుల్ని పంపాడు. సంఘం వాళ్లు ఐలమ్మ వెంట నిలబడ్డారు. పంట ఆమె ఇంటికే చేరింది.

ఇంకో ముచ్చట వినండి. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. అక్కడ ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. ఒక్క చోట కూర్చున్నారు కాబట్టి కష్టం చెప్పుకున్నారు. 1992లో అందరూ కలిసి ఊళ్లో సారా అమ్మకుండా ఆపారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది.

అప్పుడు పలక పట్టిన 30 ఏళ్ల ఆడవాళ్లకు ఇప్పుడు 60 ఏళ్లు దాటాయి. అప్పుడు కలిసి కూర్చున్నవాళ్లు ఇప్పుడు ఎందుకు ఒంటరిగా కూర్చోవాలి?

తెలంగాణ ప్రభుత్వం 2025లో మహిళా సంఘంలో ఉండే వయసును 60 నుంచి 65 ఏళ్లకు పెంచింది. మరి 65 దాటితే? అప్పుకు, పొదుపుకు వయసు లెక్క ఉండవచ్చు. ముచ్చటకు వయసు లెక్క లేదు. వారానికి ఒక్క రోజు రచ్చబండ దగ్గరో, వేప చెట్టు కిందో కూర్చోండి. ఈడు కలిసినవాళ్లు నలుగురున్నా చాలు.

ఫోనులో కూడా సంఘం

అందరూ ఒక్క ఊళ్లో ఉండరు. మీ చెల్లె మహబూబాబాద్‌లో ఉండవచ్చు. వియ్యపురాలు భూపాలపల్లిలో ఉండవచ్చు. చిన్నప్పటి జోడీ ఎక్కడో తండాలో ఉండవచ్చు. అందరినీ వాట్సాప్‌లో ఒక గ్రూపు చేయవచ్చు. మనుమరాలిని అడిగితే గ్రూపు చేసి పెడుతుంది.

తరువాత పని మీదే. ఫోనులో పేర్లు చదవండి. మీ గ్రూపు పేరు మీద వేలు పెట్టండి. కింద మైకు బొమ్మ కనిపిస్తుంది. దాన్ని ఒత్తి పట్టుకోండి. మాట్లాడండి. వేలు తీయండి. మీ మాట అందరికీ పోతుంది. రాయడం అలవాటైతే ఒక్క మాట రాయండి. "తిన్నాను", "మంచిగున్నా" అని రాస్తే చాలు. అక్షరం తప్పు పోయినా భయపడకండి. మీ చెల్లెకు అర్థమవుతుంది.

పొద్దుటి మాట

గ్రూపులో ఒక కట్టుబాటు పెట్టుకోండి. రోజూ పొద్దున 8 గంటల లోపల అందరూ ఒక్క మాట పంపాలి. ఎవరి మాట రాలేదో చూడాలి. ముందు ఫోను చేయాలి. ఎత్తకపోతే దగ్గర ఉన్నవాళ్లు పోయి తలుపు కొట్టాలి. రాత్రి కాలు జారి పడ్డ మనిషి ఎవరూ చూడక పొద్దంతా నేల మీదే ఉండిపోవచ్చు. ఈ చిన్న కట్టుబాటు ఒక ప్రాణం నిలపవచ్చు.

ఫోను లేని అవ్వను మరిచిపోకండి. ఆమె మాటను పక్కింటి ఆమె పంపాలి. ఫోను మాట మోస్తుంది. మంచినీళ్లు తెచ్చేది, చెయ్యి పట్టి లేపేది మనిషే.

కష్టం పెద్దదైతే?

14567 నంబరుకు ఫోను చేయండి. ఇది పెద్దవాళ్ల కోసం పెట్టిన నంబరు. పైసలు పడవు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు. పింఛను సంగతి అడగవచ్చు. ఇంట్లో కొట్టినా, తిట్టినా చెప్పవచ్చు. మనసు బాగా లేకపోయినా మాట్లాడవచ్చు.

పిల్లలు తిండి పెట్టకపోతే 2007లో వచ్చిన చట్టం ఉంది. ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. వకీలు అవసరం లేదు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చని చట్టంలో ఉంది. పోలేని అవ్వ ఒప్పుకుంటే ఆమె తరఫున ఇంకొకరు దరఖాస్తు ఇవ్వవచ్చు. గ్రూపులో తోడు ఉంటే ఇట్లాంటి పనికి ధైర్యం వస్తుంది.

జాగ్రత్త!

ఫోనులో దొంగలు కూడా ఉంటారు. "నీ పింఛను ఆగింది, ఓటీపీ చెప్పు" అంటారు. "పోలీసులం, పైసలు పంపు" అని బెదిరిస్తారు. ఓటీపీ అంటే మీ పైసల పెట్టె తాళం చెవి. ఎవరికీ చెప్పకండి. ఫోను పెట్టేసి ముందు గ్రూపులో అడగండి. పైసలు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

అక్కలారా! మీరు చదువు నేర్చుకున్నారు. ఇప్పుడు మీకు కావలసిన మనిషి పేరు మీరే వెతికి పిలవగలరు. ఇవ్వాళ ఒక్కరిని పిలవండి.

మాట్లాడుకోండి

1. మీ వాడలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఎవరు?
2. వారి ఇంటికి రోజూ ఎవరు పోగలరు?
3. 14567, 1930 నంబర్లను మీ ఇంటి గోడ మీద పెద్దగా రాయండి. పక్కింటి అవ్వకు చదివి వినిపించండి.