చిన్న వ్యాపారము – చేతి లెక్క

చిన్న వ్యాపారము చేయదలచిన యువతిని గురించి మాటలాడునపుడు మనమందరము మొదట అడుగు ప్రశ్న “అప్పు దొరకునా?” అనియే. మేము మరియొక ప్రశ్న అడుగదలచితిమి. దొరికిన సొమ్ము ఆమె వ్యాపారములో నిలుచునా?

అప్పునకు మార్గములు లేకపోలేదు. 1982లో డ్వాక్రా పథకము ఆరంభమైనది. 1992లో నాబార్డు పొదుపు సంఘములకును బ్యాంకులకును సంబంధము కల్పించినది. 2011లో ఉమ్మడి రాష్ట్రమున స్త్రీనిధి ఏర్పడినది. 2015లో వచ్చిన ముద్రా పథకమున శిశు తరగతి క్రింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండ ఋణమిత్తురు. కాని ఆ సొమ్ము ఇంటి ఖర్చులలో కలిసిపోయినచో వ్యాపారము పోవును. అప్పు మాత్రము ఆమె పేర మిగులును.

ప్రొద్దుటూరు బట్టల వ్యాపారమునకును, బంగారు వ్యాపారమునకును పేరు పొందిన పట్టణము. అచ్చట రవికలు కుట్టు ఒక యువతిని ఊహింతము. రవిక ఒక్కింటికి 200 రూపాయలు వచ్చుననుకొందము. దారము, హుక్కులు, లైనింగు, కరెంటు – వీనికి 60 పోవును. మూడు గంటల శ్రమకు గంటకు 40 చొప్పున 120 ఆమె కూలి. మిగిలిన 20 రూపాయలే లాభము. కుట్టుమిషను మరమ్మతుకైనను, కొత్త మిషను కొనుటకైనను ఆధారము ఆ ఇరువదియే. దసరాకు ముందు పది రవికలు అరువునకు కుట్టినచో ఆమె చేతి సొమ్ము 600 రూపాయలు చిక్కుకొనును. అది ముప్పది రవికల లాభమునకు సమానము. కావున ప్రొద్దుటూరిలో ఆమెకు కావలసిన మొదటి సహాయము, కుట్టుకూలి సకాలమున చెల్లించు ఖాతాదారులు.

జమ్మలమడుగు నల్లరేగడి భూములలో శనగ పండును. శనగపిండి పట్టించి అమ్ము స్త్రీకి పంట ఇంటికి వచ్చి ధర తగ్గిన దినములలోనే పెట్టుబడి చేతిలో నుండవలెను. మూడు నెలలు జాగుచేసి ఇచ్చిన ఋణము, వాన వెలిసిన పిదప ఇచ్చిన గొడుగు వంటిది.

పులివెందుల ప్రాంతమున చీనీ, అరటి తోటలు మెండు. పండ్లమ్ము స్త్రీ సరకు కొన్ని దినములకే చెడును. చెడిన పండ్ల నష్టమును కూడ లెక్కలో వ్రాసికొననిచో, అమ్మినదంతయు లాభముగనే తోచును.

మూడు ఊళ్ళలో మూడు అవసరములు. మూటికిని మందు ఒక్కటే. అది ఆమె స్వయముగా వ్రాయు లెక్కల పుస్తకము. పెట్టుబడి, కూలి, లాభము, అరువు వేరువేరుగా వ్రాయవలెను. ఇంటికి తీసికొన్న సరకును కూడ అమ్మకముగనే వ్రాయవలెను. వివాహమైన యువతి పుట్టింటి ఊరి ఖాతాదారులను వెంట తీసికొనిపోజాలదు. కాని ఆ పుస్తకమును, తన పేర నున్న బ్యాంకు ఖాతాను మెట్టినింటికి తీసికొనిపోగలదు. కొత్త ఊరిలో బ్యాంకువారికి తన వ్యాపారమును చూపుటకు అవియే ఆధారము.

సొంత ఖాతా విలువను అహమ్మదాబాదు స్త్రీలు ఏనాడో గ్రహించిరి. 1972లో ఇళా భట్ గారు స్వయముగా వృత్తులు చేసికొను స్త్రీలకొక సంఘమును స్థాపించిరి. 1974లో ఆ సంఘమునకు చెందిన సుమారు 4,000 మంది తలకు పది రూపాయల వాటాతో తమ సొంత బ్యాంకును నెలకొల్పుకొనిరి. వారు కూరగాయలమ్మువారు, బీడీలు చుట్టువారు, బరువులు మోయువారు. బీదరాలికి బ్యాంకెందుకు అను మాటకు వారి పనియే సమాధానము.

ఇక మన ఇంటి సంగతి. కోడలి గల్లాపెట్టెనుండి అత్తగారైనను, భర్తయైనను చేబదులు తీసికొన్నచో, చీటీ వ్రాసి తిరిగి చెల్లించుట మర్యాద. పొరుగింటి పిల్ల కుట్టిన రవికకు “పండుగ పోనిమ్ము, ఇచ్చెదము” అనుట మనకు చిన్న మాట. ఆమెకు అది మూడు రవికల లాభము. ప్రభుత్వములు అప్పు ఇయ్యగలవు. ఇచ్చిన అప్పును నిలుపవలసినది మనమే.