పట్నంలో అద్దె ఇల్లు: మనం తెలుసుకోవలసిన సంగతులు



హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ అద్దె అనే మాట మనకు పట్టదు. ట్రంకుపెట్టె పెట్టుకోవడానికి ఇంత చోటు, వేళకు భోజనం ప్రభుత్వమే చూసుకుంటుంది. చదువు ముగించుకొని కోచింగుకో, ఉద్యోగానికో హైదరాబాదు చేరిన రోజున మనకు ఎదురయ్యే మొదటి పరీక్ష గది వెతుక్కోవడమే. ఆ పరీక్షకు పాఠ్యపుస్తకం లేదు. అందుకే పూర్వ విద్యార్థులమైన మేము మాకు తెలిసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాము.

చోటు ఎంపిక

తార్నాకనే ఉదాహరణగా తీసుకుందాం. ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్లు, మరోవైపు ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ ఆవరణల పచ్చదనం. ఎండాకాలంలో ఈ నీడ విలువ రేకుల గదిలో ఉన్నవారికి బాగా తెలుస్తుంది. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మెట్రో రైలు మొదలైనప్పుడు తార్నాకకు స్టేషను వచ్చింది. 2019లో ఆ లైను రాయదుర్గం దాకా పెరిగింది. కాబట్టి హైటెక్ సిటీలో ఉద్యోగమున్నవారు రైలు మారకుండా వెళ్ళవచ్చు. పరేడ్ గ్రౌండ్ వద్ద మారితే ఎంజీబీఎస్, అమీర్‌పేటలో మారితే మియాపూర్, ఎల్బీనగర్ చేరవచ్చు. దగ్గరలోనే సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజి ఎంఎంటీఎస్ స్టేషన్లున్నాయి. సిటీ బస్సులు సరేసరి. తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి టిక్కెట్టు లేదు.

ఇటువంటి చోట అద్దె ఎక్కువే. అయితే అద్దె ఒక్కటే చూడకూడదు. దూరపు కాలనీలో 2,000 రూపాయలు తక్కువకు గది దొరికి, రాకపోకలకు రోజూ రెండు గంటలు అదనంగా పట్టిందనుకోండి. నెలకు 26 రోజుల లెక్కన 52 గంటలు పోయాయి. పోటీ పరీక్షకు చదివేవారికి అది ఒక సబ్జెక్టు పూర్తిచేసే సమయం. అద్దె, రాకపోకల ఖర్చు, సమయం మూడూ కలిపి లెక్కవేసుకోవాలి. మెయిన్ రోడ్డు వదిలి నాలుగు వీధులు లోపలికి వెళితే సాధారణంగా అద్దె కొంత తగ్గుతుంది. సాయంత్రం వేళ కాలినడకన తిరిగి టు-లెట్ బోర్డులు చూసుకుంటే బ్రోకరు కమీషను మిగులుతుంది.

డబ్బు, కాగితం

గది నచ్చగానే అడ్వాన్సు చేతిలో పెట్టకండి. నల్లా నీళ్ళు ఏ రోజుల్లో వస్తాయి, బోరు ఎండాకాలంలో ఎండిపోతుందా, కరెంటు మీటరు వేరా ఉమ్మడా, మెయింటెనెన్సు అద్దెలో కలిసిందా విడిగానా అని ముందే అడగాలి. పై అంతస్తు గది అయితే మిట్టమధ్యాహ్నం ఒకసారి వెళ్ళి చూడాలి. ఇప్పుడు ఆ గదిలో ఉంటున్న వారితో రెండు మాటలు మాట్లాడితే ఓనరు చెప్పని విషయాలు తెలుస్తాయి.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలు పత్రం తప్పనిసరిగా రిజిస్టరు కావాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11 నెలలు. అందులో అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, రంగులకని ఎంత పట్టుకుంటారు, ఏటా అద్దె ఎంత పెంచుతారు అన్నవి రాసి ఉండాలి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇళ్ళకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు ఉండరాదంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేస్తేనే అమలవుతుంది. అయినా బేరమాడేటప్పుడు ఆ మాట పనికొస్తుంది. అద్దె బ్యాంకు ద్వారానో, ఫోను ద్వారానో చెల్లించండి. రశీదు అడగకుండానే రుజువు మిగులుతుంది.

అసలు ప్రశ్న

ఇక అన్నిటికంటే కష్టమైన సంగతి. గది నచ్చింది, అద్దె కుదిరింది. అప్పుడు ఓనరుగారు మెల్లగా, "మీరేమిట్లు బాబూ?" అంటారు. కొందరు ఇంటిపేరు అడుగుతారు, కొందరు మాంసం తింటారా అని అడుగుతారు. మరునాడు ఫోను చేస్తే, "మా బంధువులు వస్తున్నారు" అంటారు. బోర్డు మాత్రం గేటుకు వేలాడుతూనే ఉంటుంది. మనలో చాలామందికి ఇది అనుభవమే. ఆ రోజు అన్నం సహించదు. లోపం మనలోనే ఉందేమోనన్న అనుమానం కూడా వస్తుంది. లోపం మనది కాదు.

1917లో విదేశాల్లో చదువుకొని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన బాబాసాహెబ్ అంబేడ్కర్‌కే ఆ ఊళ్ళో ఇల్లు దొరకలేదు. పార్శీ పేరుతో ఒక పార్శీ సత్రంలో దిగితే, కొద్ది రోజులకే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. బొంబాయి రైలు వేళ దాకా ఆయన కామాఠీబాగ్ తోటలో కూర్చోవలసి వచ్చింది. అంతటి చదువు చదివినవారికి ఆ నగరంలో చెట్ల నీడే దిక్కయింది. ఆనాడు ఆయనకు అండగా ఏ చట్టమూ లేదు.

ఈనాడు మనకు ఉంది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ ప్రకారం, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాస గృహంలో ఉండనివ్వకపోవడం నేరం. ఒక నెల నుంచి ఆరు నెలల దాకా జైలుశిక్ష ఉంది. నలుగురూ చూస్తుండగా కులం పేరుతో దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. "బంధువులు వస్తున్నారు" అన్న మాటను కోర్టులో తేల్చడం సులువు కాదని మాకూ తెలుసు. కాబట్టి గది చూడడానికి ఇద్దరు కలిసి వెళ్ళండి. మాట్లాడుకున్న అద్దె, తేదీ ఫోనులో మెసేజిగా పంపండి. కాదంటే కారణం కూడా మెసేజిలోనే అడగండి. కులం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. "ఉద్యోగం, అద్దె సంగతి అడగండి సార్, అది చెప్తాను" అని మర్యాదగా అనవచ్చు. వేరే పేరు చెప్పి మాత్రం చేరకండి. ఏ రోజు ఎవరు పసిగడతారోనన్న భయంతో కంటినిండా నిద్ర పట్టదు.

పూర్వ విద్యార్థులకు మనవి

మీరు గది ఖాళీ చేసేటప్పుడు గేటుకు బోర్డు పడకముందే మన హాస్టలు పిల్లలకు కబురు చేయండి. ఓనరుగారికి స్వయంగా పరిచయం చేసి, "నా తమ్ముడులాంటివాడు" అని ఒక్కమాట చెప్పండి. మనలో ఇప్పుడు సొంత ఇళ్ళు కట్టుకున్నవారూ ఉన్నారు. మీ పై అంతస్తుకు టు-లెట్ బోర్డు పెట్టినప్పుడు వచ్చినవారిని కులం, మతం అడగకండి. మనల్ని నొప్పించిన ప్రశ్న మన గుమ్మంలో వినిపించకూడదు.

ఈ ఏడాది హాస్టలు విడిచి వెళుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! చెట్ల నీడ ఉన్న వీధి, రైలు అందే దూరం, గాలి వెలుతురు ఉన్న గది మీకూ కావాలని అడగడానికి వెనుకాడకండి. ఆ ఇంటికి అద్దె కట్టి, తలెత్తుకొని ఉండండి.

– పూర్వ విద్యార్థులు