పట్టిక వ్రాసిన విదుషీమణి

మావారి పుస్తకములకెల్ల పట్టిక వ్రాసియుంచుట మా యింట నా వంతు. ఏ పుస్తక మే బీరువాలో నున్నదో వారడిగిన తోడనే చెప్పుదును గాని, యిదియు నొక విద్యయేనా యని తేలికగా దలచెడిదానను. ఎలిజబెత్ ఫైన్లరు చరిత్రము చదివిన పిమ్మట ఆ తలపు మాఱినది.

ఈమె 1931వ సంవత్సరమున అమెరికాదేశమందలి వెస్ట్ వర్జీనియా రాష్ట్రములో వీలింగు పట్టణమున జన్మించెను. ఆ కుటుంబమున కళాశాల మెట్లెక్కిన మొదటి వ్యక్తి యీమెయే. పసిదైన అక్క చెల్లెలి పేరు సరిగా పలుకనేరక పిలిచిన పిలుపునుండి "జేక్" అను ముద్దుపేరు పుట్టి, తుదకు లోకమున నదియే నిలిచినది. ఈమె జీవరసాయనశాస్త్రము నభ్యసించి, రసాయనశాస్త్ర వ్యాసముల సారాంశములను సమకూర్చు సంస్థలో కొంతకాలము పనిచేసి, 1960లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థలో జేరెను.

దూరదూరముననున్న కంప్యూటర్లు తంతిమార్గమున నొండొంటితో సంభాషించుటకై 1969లో అమెరికా రక్షణశాఖ ధనముతో "ఆర్పానెట్టు" అను వల యేర్పడెను. నేటి ఇంటర్నెట్టునకు మాతృక యిదియే. మొదట దానియందు నాలుగే స్థలములు. 1972లో ఆ వలను వాషింగ్టను నగరమున పండితసభకు చూపదలచి, డగ్లస్ ఎంగెల్‌బార్టు అను శాస్త్రజ్ఞుడు ఫైన్లరును పిలిచి, దానికొక కరదీపిక వ్రాయుమనెను. అట్టి కరదీపిక యనగా నేమని యామె యడుగగా, తనకును దెలియదనియు, ఆఱు వారములలో మాత్రము కావలెననియు నాతడు చెప్పెనట! ఆమె వెనుదీయలేదు. ఎచ్చట నే యంత్రమున్నది, దానిచే నే పని సాగును, సందేహము వచ్చిన నెవరి నడుగవలెను అను సంగతులన్నియు సేకరించి గ్రంథము కూర్చెను.

పిమ్మట నా వలకు సమాచార కేంద్రమును 1989 వఱకు నామెయే నడపెను. ప్రతి యంత్రమునకు నొక సంఖ్య గలదు. మనుజులకు సంఖ్యకన్న పేరు సులువుగా గుర్తుండును. ఏ పేరున కే సంఖ్యయో తెలుపు మూలపట్టిక యీ కేంద్రమున నుండెడిది. క్రొత్త యంత్రమును జేర్పదలచినవారు ముందుగా నిచ్చటికే తెలుపవలెను. పట్టికలో నొక్క తప్పు దొరలెనా, పంపిన జాబు చేరవలసిన చోటు చేరదు.

యంత్రములు నానాటికి హెచ్చుటచే నొక్క పట్టిక చాలదయ్యెను. 1983లో పాల్ మొకపెట్రిస్ అను నాతడు పేర్లను శాఖోపశాఖలుగా విభజించు పద్ధతిని కల్పించెను. ఆ శాఖల కెట్టి పేర్లుండవలెనను చర్చ రాగా, సంస్థ యే తరగతికి జెందినదో పేరే తెలుపవలెనని ఫైన్లరు బృందము సూచించెను. విద్యాలయములకు "ఎడ్యు", వర్తకమునకు "కామ్", ప్రభుత్వమునకు "గవ్" అట్లు వెలసినవే. మన పిల్లలు నిత్యము ఫోనుపై వ్రాయు "డాట్ కామ్" వెనుక నీమె బృందపు శ్రమ గలదు.

ఇట్టి పనిని గుమాస్తాపని యని చులకన చేయువారు కలరు. ఇంట నే వస్తు వెచ్చట నున్నదో యెఱిగిన యిల్లాలు రెండు దినములు పుట్టింటికేగిన గాని యా యెఱుక విలువ యింటివారికి దెలియదు. ఫైన్లరు మాత్రము తన పని విలువ తానెఱిగి, నాటి కాగితములను పాఱవేయనీయక, వందలకొలది పెట్టెలను భద్రపఱచి కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలకు జేర్చెను. 2012లో ఇంటర్నెట్టు నిర్మాతల గౌరవపట్టికలో నామె పేరును చేరినది.

మొన్న నేను మా పుస్తకముల పట్టికకు క్రొత్త అట్ట వేసితిని. దానిపై వ్రాసినవారి పేరనుచోట, మొదటిసారిగా, నా పేరు వ్రాసితిని.