మీకు తెలుసా? మగ్గం కంటే ముందు నూలు

రోలుగుంటలోనో నర్సీపట్నంలోనో ఇంట్లో నేత మొదలెడదామనుకునేవాళ్లు ముందుగా మగ్గం ధర అడుగుతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది నూలు నంబరు. మిగతా సరంజామా దాని వెనకే వస్తుంది.

• 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో, అదే నూలు నంబరు. వందో నంబరు నూలు ఒక్క పౌను (453 గ్రాములు) విప్పితే 76 కిలోమీటర్లు దాటుతుంది. నర్సీపట్నంలో ఒక కొస పట్టుకుంటే రెండో కొస విశాఖ దరిదాపులకు చేరుతుంది! కొత్త చేతికి అంత సన్నం వద్దు. 20, 40 నంబర్లు అంత తేలిగ్గా తెగవు, తెగినా అతుక్కోవడం సులువు.

• పడుగు (నిలువు) పోగులను వరసలో పట్టే దువ్వెన లాంటి పన్నెకూ నంబరుంటుంది. రెండంగుళాల్లో ఎన్ని సందులున్నాయన్నదే ఆ లెక్క. సందుకు రెండు పోగులు తీస్తే, అంగుళానికి పడే పోగులూ సరిగ్గా అన్నే. లావు నూలుకు ఇరుకు పన్నె పెట్టారా, పడుగు రాసుకుని తెగుతూనే ఉంటుంది.

• మన ఉత్తరాంధ్రలోనే, శ్రీకాకుళం జిల్లా పొందూరులో, పత్తిని దువ్వే పనిముట్టు చేప దవడ. వాలుగ చేపది. దాని మీద వరసగా ఉండే సన్నటి పళ్లు గింజ మీది పీచును సాపు చేసి చెత్తను లాగేస్తాయి. ఏకులు మాయకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు. అక్కడి ఆడవాళ్ల చేతుల్లో వందో నంబరు నూలు పుడుతుంది. ఖరీదైన సామాను ఉంటేనే సన్న నూలు వస్తుందనేవాళ్లను ఒకసారి పొందూరు పంపాలి.

• తాడు లాగితే, అడ్డపోగును మోసే నాడె దానంతట అదే పరుగెత్తే ఏర్పాటును 1733లో ఇంగ్లండులో జాన్ కే కనిపెట్టాడు. అంతకుముందు ఒక్కడే నేస్తే గుడ్డ వెడల్పు చేతులు చాచినంతే. తువ్వాలు నేసుకునే ఇంటికి చేతి నాడె చాలు.

• పోచంపల్లి తరహా చీరకు ఆసు పోసేటప్పుడు, అంటే రంగులేసే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పేటప్పుడు, చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పోగులు కట్టి వేసే చిటికీ రంగులు లేని నేతకు ఈ యంత్రం అక్కర్లేదు.

• పాయకరావుపేట లాంటి నేత ఊళ్లలో పాత పన్నె దొరికితే, కొనేముందు వెలుతురుకు ఎత్తి చూడండి. ఒక్క పన్ను వంగినా గుడ్డ పొడుగునా చార పడుతుంది. తుప్పు పట్టినదైతే అసలు ముట్టుకోవద్దు.