రుస్తుం ఏ ఊరివాడు?

ఫిరదౌసి పేరు చెప్పగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది గుర్రం జాషువా. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని మాటిచ్చి వెండితో సరిపెట్టిన గజనీ మహమ్మద్, ఆ అవమానానికి కుంగిపోయిన ముసలి కవి ఆయన 1932 నాటి ఖండకావ్యంలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తారు. ఈ కథ తొలి రూపం ఫిరదౌసి పోయిన వందేళ్లకు పైగా గడిచాక నిజామీ అరూజీ రాసిన ‘చహార్ మఖాలా’లో ఉంది. కవికి దక్కాల్సింది దక్కలేదన్నది నిజమే కావచ్చు. కవి పక్షాన నిలబడ్డ జాషువాతో పేచీ లేదు. పేచీ అంతా ఇరవయ్యో శతాబ్దంలో ఇదే కథ మీద ఇరాన్ జాతీయవాదులు లేపిన మేడతోనే. అరబ్బుల దెబ్బకు ఫార్సీ కొన ఊపిరితో ఉందనీ, ఒక్క మహాకవి ముప్పై ఏళ్లు కూర్చుని దాన్ని బతికించాడనీ, తురుష్క సుల్తానుకు ఆ విలువ తెలియలేదనీ వాళ్లు చెప్పుకున్నారు. సాక్ష్యాలు మరో దారి చూపిస్తాయి. ఇరాన్ వారసత్వాన్ని నిలబెట్టినవి పొలిమేరలు. వాటిలో చాలా భాగం ఇవాళ్టి ఇరాన్ పటంలోనే లేదు.

మొదటి సాక్షి రుస్తుమే. ఫిరదౌసి కావ్యం షానామాకు వీరుడైన అతని తండ్రి జాల్‌ది జాబులిస్తాన్, తల్లి రూదాబాది కాబూల్, భార్య తహ్మీనాది సమన్‌గాన్. అకెమెనిడ్, ససానియన్ రాజవంశాలు పుట్టిన పార్స్ సీమతో ఈ కుటుంబానికి చుట్టరికం లేదు. జొరాస్ట్రియన్ల పవిత్ర గ్రంథం అవెస్తాలో అతని పేరే కనబడదు. కనబడేది తజికిస్తాన్‌లోని పంజికెంత్‌లో. అది సొగ్డియన్ల పట్నం. ఫార్సీకి దాయాది అనదగ్గ వేరే ఇరానీ భాష వాళ్లది. క్రీ.శ. 740 ప్రాంతంలో అక్కడొక సంపన్నుడి ఇంటి గోడల మీద, ముదురు నీలం పూత మీద, రుస్తుం కథను వరసలు వరసలుగా గీయించుకున్నారు. ఒంటి మీద చిరుతచర్మం, కింద ఎర్రటి గుర్రం. ఒకచోట ఉచ్చు విసిరి పగవాణ్ని లాగుతున్నాడు, ఒకచోట మహాసర్పంతో తలపడుతున్నాడు, ఇంకోచోట రాక్షసుల మీద విరుచుకుపడుతున్నాడు. ఆ ఊరి ఇళ్లలోనే మన పంచతంత్రం కుందేలు కూడా సింహాన్ని బావి దగ్గరికి తీసుకెళుతూ కనిపిస్తుంది. సోవియట్ పండితులు తవ్వి తీసిన రుస్తుం చిత్రాలు ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్‌లో ఉన్నాయి. ఫిరదౌసి పుట్టింది 940 ప్రాంతంలో. అంటే అతను కలం పట్టడానికి రెండు వందల ఏళ్ల ముందే, ఫార్సీ మాతృభాష కాని ఊళ్లో, రుస్తుం ఇంటి గోడలకెక్కిన వీరుడు.

పదో శతాబ్దపు రెండు దర్బారులను పక్కపక్కన పెడితే విషయం ఇంకా తేటపడుతుంది. పడమట, ఇరాన్ నడిబొడ్డున, బువైహీలు రాజ్యం చేశారు. కాస్పియన్ తీరపు దైలమ్ కొండల నుంచి దిగివచ్చిన అచ్చమైన ఇరానీలు. ససానియన్ల ‘షాహన్‌షా’ బిరుదును దుమ్ము దులిపి మళ్లీ పెట్టుకున్నారు. వాళ్లలో గొప్పవాడు అజుదుద్దౌలా 955లో పర్సెపోలిస్ శిథిలాలకు వెళ్లి, పాత పహ్లవీ శాసనాలను ఒక జొరాస్ట్రియన్ పూజారి చేత చదివించుకుని విన్నాడు. పూర్వవైభవం మీద అంత మోజున్నవాడు తన రాక గుర్తుగా అక్కడ చెక్కించిన శాసనం మాత్రం అరబ్బీలో ఉంది. షీరాజ్‌లో అతన్ని పొగిడిన మహాకవి ముతనబ్బీది కూడా అరబ్బీయే. అదే శతాబ్దంలో, ఇంకా ముందే, తూర్పున, ఇవాళ ఉజ్బెకిస్తాన్‌లో ఉన్న బుఖారాలో, సామానీ ప్రభువులు కవి రూదకీ చేత ఫార్సీ పద్యాలు చెప్పించుకుంటున్నారు. కారణం భూగోళంలో ఉంది. బాగ్దాద్ నీడలో పెరిగిన పడమటి పట్నాల పెద్దలకు అరబ్బీ చేతికి అందిన భాష. తూర్పున ఖొరాసాన్‌కు వలస వచ్చిన అరబ్బు కుటుంబాలే కొన్ని తరాల్లో స్థానికుల్లో కలిసిపోయి ఫార్సీ మాట్లాడసాగాయి. అక్కడ శిస్తు వసూలు చేయాలన్నా, మసీదులో బోధ చేయాలన్నా, సైన్యాన్ని నడపాలన్నా జనంతో పనికొచ్చే భాష అదే.

అరబ్బుల అణచివేత సంగతేమిటని అడగొచ్చు. అబ్దుల్ హుస్సేన్ జర్రీన్‌కూబ్ 1951లో రాసిన ‘దో ఖర్న్ సుకూత్’, అంటే ‘రెండు శతాబ్దాల మౌనం’, ఈ వాదానికి పెద్ద ఊతం. (కొన్నేళ్లకే రెండో కూర్పులో ఆ పుస్తకాన్ని ఆయనే సవరించుకున్నారు. అభిమానులు ఆ సంగతి అంతగా తలుచుకోరు.) దెబ్బ తగల్లేదని ఎవరూ అనలేరు. 651లో మెర్వ్ దగ్గర చివరి ససానియన్ చక్రవర్తి యజ్దగిర్ద్ హత్యతో సామ్రాజ్యం ముగిసింది. 697 ప్రాంతంలో ఇరాక్ శిస్తు లెక్కలు ఫార్సీ నుంచి అరబ్బీకి మారాయి. ఖొరాసాన్‌లో ఆ మార్పు 742 దాకా జరగలేదు. అంతకన్నా విచిత్రం ఇంకొకటుంది. పార్స్, ఇరాక్ ప్రాంతాల నుంచి కదిలిన ముస్లిం సేనల్లోని కొత్త మతస్థులే ఫార్సీని ఆమూ నది అవతలికి మోసుకెళ్లారు. బుఖారాలో తొలి మసీదు వెలిసిన రోజుల్లో అక్కడివాళ్లు అరబ్బీ రాక నమాజును ఫార్సీలో చదివేవారని ఆ ఊరి చరిత్రకారుడు నర్షఖీ రాశాడు. సామానీ ప్రభువు మన్సూర్ బిన్ నూహ్ తబరీ ఖురాన్ వ్యాఖ్యను ఫార్సీలోకి తేవాలనుకున్నప్పుడు ఉలేమాలను పిలిచి ముందుగా ఫత్వా తీసుకున్నాడు. అణగారిన భాషకు జరిగే మర్యాద కాదిది.

ఇక మహాకవి ప్రతిభ సంగతి. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు గానీ, అతని ముందు ఎంతమంది పనిచేశారో చూడాలి. 957లో తూస్ పాలకుడు అబూ మన్సూర్ హేరాత్, సీస్తాన్, నిషాపూర్, తూస్‌ల నుంచి పాత గాథలు తెలిసిన నలుగురిని పిలిపించి వచన షానామా రాయించాడు. ఆ గ్రంథం పోయి పీఠిక మిగిలింది. అందులో మాఖ్, యజ్దాన్‌దాద్, మాహోయ్, షాదాన్ అని వాళ్ల పేర్లున్నాయి. దాన్ని పద్యంలోకి తేవడం మొదలుపెట్టింది దఖీఖీ అనే కవి. వెయ్యి బైతుల (ద్విపదల) దగ్గరే అతను హత్యకు గురయ్యాడు. ఫిరదౌసి వాటిని పేరు చెప్పి మరీ తన కావ్యంలో కలుపుకున్నాడు. 1010లో ముగిసిన ఆ యాభై వేల బైతులు చెదిరిన గాథలకు ఒకే ఊపు, ఒకే గొంతు ఇచ్చాయి. ఆ పని ఫిరదౌసి ఒక్కడిదే. ఫార్సీని బతికించినవాడు మాత్రం ఒక్కడు కాదు. తెలివితక్కువ తురుష్కుడన్న నింద మోసిన మహమ్మద్ కొలువులో ఉన్సురీ, ఫర్రుఖీ ఫార్సీ కవిత్వమే చెప్పారు. 1430 నాటి బైసుంఘర్ షానామా ప్రతి హేరాత్‌లో తిమూరు మనవడు రాయించుకున్నది. గోల్కొండలో పీష్వాగా చక్రం తిప్పిన మీర్ మోమిన్ అస్తరాబాద్ నుంచి వచ్చాడు. హైదరాబాద్ నిజాం కచేరీల్లో 1880ల దాకా కాగితాలు నడిచింది ఫార్సీలోనే. ఇంటిభాషగా కన్నా కొలువుభాషగా అది ఎక్కువ దూరం వెళ్లింది.

మరి జొరాస్ట్రియన్ పూజారుల మాటేమిటి? ఇస్లాం వచ్చాకే దేన్‌కర్ద్, బుందహిష్న్ లాంటి పహ్లవీ గ్రంథాలను కూర్చి భద్రపరిచినవాళ్లు వాళ్లు. ఆ గ్రంథాలు లేకుంటే పాత ఇరాన్ మతం గురించి మనకు తెలిసింది సగానికి పడిపోయేది. కానీ అది ఒక సమాజం గడప లోపల దాచుకున్న ధనం. బజారులో, సైన్యంలో, పెళ్లిళ్లలో చెలామణీ అయ్యే పని దానితో జరగలేదు.

1934లో ఇరాన్ పాలకుడు రెజా షా తూస్‌లో ఫిరదౌసి సమాధి మందిరాన్ని ప్రారంభించాడు. మరుసటి ఏడాది తన దేశాన్ని ‘ఇరాన్’ అనే పిలవాలని ప్రపంచ దేశాలను కోరాడు. తజికిస్తాన్ తన నాణేనికి ఇస్మాయిల్ సామానీ మీదుగా ‘సొమోనీ’ అని పేరు పెట్టుకుంది. ఆ వంశపు సమాధి మందిరమేమో ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారాలో ఉంది. అఫ్గానిస్తాన్ ఆ భాషనే దరీ అంటుంది. ఎవరి పట్టా వాళ్లది. పై సాక్ష్యాల ముందు ఏ ఒక్క పట్టా నిలవదు.

పొలిమేరలను ఇంతగా మెచ్చుకునేవారికి గట్టి అభ్యంతరం మరో వైపు నుంచి రావాలి, వస్తుంది కూడా. పొలిమేరల్లో ఫార్సీ గెలిచినప్పుడు ఓడినవి అరబ్బీ, తురుష్క భాషలు మాత్రమే కావు. సొగ్డియన్, బాక్ట్రియన్ అనే దాయాదులు కూడా. ఒకప్పుడు సొగ్డియన్ చైనా దాకా వర్తకుల భాష. దున్‌హువాంగ్ దగ్గర 1907లో దొరికిన నాలుగో శతాబ్దపు ఉత్తరాల కట్టలో మీవ్‌నయ్ అనే ఆడమనిషి, తనను పరాయి ఊళ్లో గాలికొదిలేసిన మొగుణ్ని ఆ భాషలో దులిపేసిన తీరు ఇప్పటికీ కారంగా ఉంటుంది. దాని చివరి సంతతి తజికిస్తాన్‌లో, యఘ్నోబ్ లోయ మూలాలున్న కొన్ని వేల మంది నోట మిగిలింది. 1970లో సోవియట్ అధికారులు ఆ లోయవాసులను పత్తి చేలలో కూలికి బలవంతంగా మైదానాలకు తరలించారు. కొన్ని కుటుంబాలు తర్వాత తిరిగొచ్చాయి. వాళ్ల పిల్లలు బడిలో చదివేది తాజిక్‌లో, అంటే ఫార్సీలో.